మడరేవులో సువార్తక్క అడుగులు

సోమవారం. ఆటు.

తెల్లవారేసరికి నీళ్ళు బాగా దిగాయి. వాటితోపాటు ప్లాట్‌ఫారమూ, కింది గుంజలు ఆపేదాకా, కిందికి జారింది. వంతెన మీంచి దిగే మెట్లు నిలువుగా అయిపోయాయి. మొదటి బండి రాకముందే స్టేషన్ మొత్తం ఒకసారి నడిచాను.

మడరేవు తేలే స్టేషన్. వానాకాలంలో ఒకచోట కుదురుగా ఉండదు. పోయినవారం మెట్టు ఉన్నచోట ఈవారం జానెడు సందు ఉంటుంది. అందుకే వారంవారం ఎవరో ఒకరు నడిచి చూడాలి. చూపు లేనివాళ్ళ కోసం చూపు లేని మనిషే నడవాలని నియమం. ఆ పనికి ముందునడక అని పేరు. నా చెప్పుల అడుగున, కర్ర కొసన ఆవగింజలంతటివి ఏవో అతికించి ఉంటాయి. అవి నా నడకను పట్టుకుంటాయి. తర్వాత ప్రయాణికులు గుమ్మం దగ్గరి స్తంభాన్ని తాకితే, వాళ్ళ చెవి వెనక ఉన్న బిళ్ళలో అడుగులు వినిపిస్తాయి, నాలుగు బారల ముందు ఎవరో పోతున్నట్టు. వాటి వెనక నడిస్తే బండి తలుపు దగ్గరికి చేరతారు. అడుగులు ఎవరికోసమూ ఆగవు. వెనకబడితే తర్వాతి స్తంభం తాకి మళ్ళీ పిలుచుకోవాలి.

బండి తాడుకి వేలాడుతూ వస్తుంది. దానికి చప్పుడు లేదు. మొదట్లో బిళ్ళలో గొంతు పెట్టారట. ఎడమకి, కుడికి, ఆగు. ఆ తోపులాటలో ఏ మాట ఎప్పటిదో తెలిసేది కాదట. మాటలొద్దు, ముందు ఒక మనిషి నడుస్తుంటే చాలన్నారట ప్రయాణికులు. నాకూ అదే నయం. మాట్లాడాల్సిన ఉద్యోగమైతే నేను చేరేదాన్ని కాదు.

గుమ్మం నుంచి బండి ఎక్కే అంచుకి రెండు దారులున్నాయి. మధ్యలో లిఫ్ట్ గొయ్యి. కింద పడవల్లోంచి చేపల గంపలు అందులో పైకి వస్తాయి. దాని చుట్టూ ఇనుప కంచె, అటూ ఇటూ తలుపులు. గొయ్యికి కుడివైపు మంచినీళ్ళ కుళాయిలు, ఎడమవైపు పార్సిల్ బల్ల. నేను కుడివైపు నడుస్తాను.

ఎడమవైపు బల్ల దగ్గర దేవసహాయం గారు కూర్చుంటారు. ఆయనకీ చూపు లేదు. ఆయన భార్య సువార్తక్క పోయినేడు వానల్లో జ్వరం వచ్చి పోయింది. ఈ స్టేషన్ ముందునడక అంతకుముందు ఆవిడదే. నాకు పని నేర్పిందీ ఆవిడే. ఆవిడ పోయాక ఆయనకి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. కాన్వెంట్‌లో సిస్టర్లు సానుభూతి ఉత్తరం రాయడం నేర్పారు. చుక్కల లిపిలో, ఒక్క తప్పు లేకుండా రాయగలను. ఎదురుగా నిలబడి చెప్పడం నేర్పలేదు.

అక్క అడుగులు మాత్రం ఇంకా ఉన్నాయి. మా దగ్గర పోయినవాళ్ళ నడకను చెరపరు. వెనకటికి ఎక్కడో చెరిపేస్తే మర్నాడు ఆ స్టేషన్లో జనం స్తంభాలు పట్టుకుని ఏడ్చారట. అప్పటినుంచి కొత్తమనిషి నడకను పాతమనిషి నడకలో వారానికి కొంచెం చొప్పున కలుపుతారు. ఈ సంగతి ప్రయాణికులకి చెప్పరు.

ప్రయాణికుల బిళ్ళలో వాళ్ళు పిలుచుకున్న నడక ఒక్కటే వినిపిస్తుంది. ఉద్యోగుల బిళ్ళలో ఎవరు పిలిచిందైనా వినిపిస్తుంది. పొద్దున ఆరింటి నుంచి అక్క నా చుట్టూ నడుస్తూనే ఉంటుంది. ఎడమ అడుగు బరువుగా, కుడి అడుగు కొంచెం ఈడ్చినట్టుగా. ఒక్కోసారి ముగ్గురు నలుగురు ఒకేసారి స్తంభం తాకుతారు. అప్పుడు స్టేషన్ నిండా అక్కే.

బుధవారం. పోటు.

కుళాయిల దగ్గర కర్ర కడుక్కుంటున్నాను.

"తెరేజమ్మా, ఆగు."

దేవసహాయం గారు. ఆయన బల్ల వదిలి ఇంతదూరం వస్తారనుకోలేదు.

"నమస్తే బావగారూ" అన్నాను. అక్కను అక్క అనేదాన్ని కాబట్టి ఆయన్ని అలా పిలవడం అలవాటు.

"నమస్తేలు తర్వాత. నువ్వీ స్టేషన్‌కొచ్చి ఇన్నాళ్ళయింది. నా బల్ల మీద ముళ్ళేవన్నా మొలిచాయా? అటు రావేం?"

"పని ఉండి రాలేదండి."

"కుళాయిల దగ్గర ఏం పనమ్మా నీకు? కారే నీళ్ళు లెక్కపెడతావా?"

ఆయన తనలో తను నవ్వుకున్నారు. తర్వాత గొంతు తగ్గించారు.

"మీ అక్కకి నామీద కోపం వచ్చినట్టుందమ్మా."

కుళాయి కట్టేశాను.

"పొద్దున్నే క్వార్టర్స్ నుంచి వచ్చి స్తంభం తాకుతాను. నాకు అడుగులు అక్కర్లేదనుకో, కాళ్ళకే తెలుసు దారి. అయినా తాకుతాను. నన్ను బల్ల దాకా తీసుకొచ్చేది. అక్కడ ఒక్క క్షణం ఆగి, బల్ల మీద కర్రతో ఒకటి కొట్టి పోయేది. బతికున్నప్పుడు చేసిందే, పోయాక కూడా. ఈ వానలు మొదలయ్యాక ఆగడం మానేసింది. బల్ల పక్కనుంచి పోయింది కొన్నాళ్ళు. తర్వాత ఎడంగా. ఇప్పుడైతే నన్ను ఎరగనట్టు అటెటో పోతోంది. నేనేం చేశానంటావ్?"

"మీరేం చెయ్యలేదండి" అన్నాను.

"మరి?"

నడకలు కలిపే సంగతి నాలుక దాకా వచ్చింది. ఆయన గొంతు విన్నాక అది బయటికి రాలేదు. కనుక్కుంటానని చెప్పి మెట్ల వైపు వచ్చేశాను. వెనకనుంచి ఆయన, "కనుక్కో అమ్మా, నీ మాట వింటుంది" అన్నారు.

శుక్రవారం. పోటు.

మోకాలికి దెబ్బ తగిలిందని ఒకాయన, కంచె ఇనుము పొట్టలో గుచ్చుకుందని ఒక కాలేజీ అమ్మాయి ఫిర్యాదు చేశారు. ఇద్దరూ చెప్పింది ఒకటే. ముందు పోయే అడుగులు కంచెలోంచి దాటిపోయాయట.

మధ్యాహ్నం జనం పల్చబడ్డాక గొయ్యి కంచె పట్టుకుని నిలబడ్డాను. ఎవరో గుమ్మం దగ్గర స్తంభం తాకారు. అక్క బయలుదేరింది. నేల చెక్కది, ఆవిడ చెప్పులకి బోలు చప్పుడు వస్తుంది. గొయ్యి అంచున ఇనుప చట్రం ఉంది, దానిమీద ఎవరు కాలు పెట్టినా గణగణమంటుంది. అక్క దగ్గరికి వచ్చింది. ఇనుము మోగలేదు. చెక్క చప్పుడే నా మోచేతిని రాసుకుంటూ పోయి గొయ్యి పైకి వెళ్ళింది. కింద ఎక్కడో నీళ్ళు గుంజలకి కొట్టుకుంటున్నాయి. వాటి మీద, చెక్క లేనిచోట, చెక్క మీద నడుస్తున్న చప్పుడు. మధ్యలో తడబాటు లేదు. అవతలి కంచెలోంచి దాటి, బండి అంచు వైపు వెళ్ళిపోయింది.

కంచె వదలడానికి కాసేపు చేతులు రాలేదు.

అలివేలు మేడం మా స్టేషన్ అధికారి. వెళ్ళి చెప్పాను.

"కంచె ఉంది కదమ్మా, తలుపులు మూసే ఉంటాయి కదా. కాస్త తగులుతుందేమో. నడకల గదికి రాస్తాన్లే."

"ఎప్పుడు రాస్తారండి?"

"సోమవారం. ఇవాళ శుక్రవారం కదా, ఎవరుంటారు అక్కడ? నువ్వు భయపడినట్టున్నావ్. టీ తాగుతావా?"

వద్దన్నాను.

ఆదివారం. పోటు.

చర్చిలో పూజ నుంచి తిరిగి వస్తుంటే మెట్ల మీదే తెలిసింది. మావుళ్ళమ్మ గారు గొయ్యిలో పడ్డారు. ఆవిడ వలలు అల్లుతుంది. పుట్టినప్పటి నుంచి చూపు లేదు. ఏనాడూ ఎవరి చెయ్యీ పట్టుకోలేదని చెప్పుకుంటుంది.

స్టేషన్ డిస్పెన్సరీలో మణికట్టుకి కట్టు కట్టించుకుని కూర్చుని ఉంది.

"ఏవమ్మా, చిన్నమ్మాయీ. కొబ్బరినీళ్ళు తెచ్చావా, ఉత్తి చేతులతో వచ్చావా?"

"ఉత్తి చేతులేనండి. ఎలా జరిగింది?"

"చెప్పేదేముంది. సువార్తమ్మ ముందు పోతావుంటే కర్రెందుకులే అని చంకలో పెట్టుకున్నాను. ఆవిడ ఆగలేదు, నేనూ ఆగలేదు. అంతలో కింద నేల లేదు."

"తలుపు మూసి లేదా?"

"గంపలోళ్ళు తాడేసి కట్టేశారంట, మాటిమాటికీ తియ్యలేక. వాళ్ళనేం అంటాం, నెత్తిన గంప, రెండు చేతులూ దానికే సరి. నా అదృష్టం, పోటు మీదుంది, లిఫ్ట్ సగానికి వచ్చింది. పీతల గంపలో పడ్డాను. నన్ను చూసి అవి జడుసుకున్నాయో, వాటిని తాకి నేను జడుసుకున్నానో గానీ, ఇద్దరం ఒకరినొకరం వదల్లేదు."

కాంపౌండరు నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది. అతను బయటికి పోయాక నా మణికట్టు వెతికి పట్టుకుంది.

"ఇంకోమాట, ఎవరితోనూ అనకు. నేను పడిపోయాక కూడా ఆవిడ నడుస్తానే ఉందమ్మా. నా నెత్తి మీంచి. నేను కింద అరుస్తున్నాను, పైన ఆవిడ తన దారిన తను పోయింది. సువార్తమ్మ అలా పోయే మనిషి కాదు."

ఆటులో అయితే పడవలు చాలా కిందికి పోతాయి, లిఫ్ట్ వాటి దగ్గర అడుగున ఉంటుంది. మధ్యలో ఏమీ ఉండదు. ఈ బుధవారం పెద్ద ఆటు.

సోమవారం. ఆటు మొదలు.

సోమవారం దాకా ఆగమన్నారు కాబట్టి మొదటి బండికే నడకల గదికి వెళ్ళాను. నడకలు కలిపేది అక్కడి వహీదు గారు. చూపున్న మనిషి. మెత్తగా మాట్లాడతారు. మా నడకలు గీతలుగా ఉబ్బి కనిపించే పలక ఒకటి ఆయన దగ్గర ఉంది. దానిమీద నా వేళ్ళు పెట్టించారు.

"ఇది పోయినేడు సువార్తమ్మ గారి నడక తీసిన అచ్చండి."

ఎడమవైపు వంగిన గీత. ఒకచోట చిన్న బొడిపె, ఆవిడ ఆగినచోటు.

"ఇది మీదండి."

కుడివైపు, బొడిపె లేకుండా, స్కేలు పెట్టి గీసినట్టు.

"ఇప్పుడు స్తంభాల్లో ఉన్నది ఇదండి. మీ ఇద్దరిదీ కలిపినది."

ఆ గీత రెండింటికీ సరిగ్గా నడుమ ఉంది.

"ఇక్కడ గొయ్యి ఉంది" అన్నాను.

"ఎక్కడండి?"

"ఈ గీత కింద."

ఆయన కుర్చీ కిర్రుమంది. పలక మీద నా వేళ్ళ పక్కన ఆయన వేళ్ళు వచ్చాయి. అక్కడ నున్నగా ఉంది. మనుషులు నడిచిన చోటే ఈ పలక ఉబ్బుతుంది. నడవనిచోట ఏముందో దానికి తెలియదు.

"రెండూ మంచి నడకలే కదండీ" అన్నారు. "మంచీ మంచీ కలిపితే మధ్యలోది చెడ్డదెలా అవుద్దండీ? మిగతా స్టేషన్లన్నిట్లో ఇలాగే కలిపాం. ఎక్కడా ఏమీ కాలేదు."

మిగతా స్టేషన్లలో పాతమనిషీ కొత్తమనిషీ ఒకే దారిన నడిచి ఉంటారు. ఇక్కడే మేమిద్దరం విడిపోయాం. అక్కను ఎడమవైపు నడిపించింది ఏమిటో నాకు తెలుసు. నన్ను కుడివైపు నడిపించింది ఏమిటో కూడా తెలుసు. ఇద్దరికీ కారణం ఒకే బల్ల. ఆ సంగతి వహీదు గారికి చెప్పలేదు.

"అక్క పాత నడక వేరుగా ఉందా?"

"లేదండి. ఇది ఉత్తి అచ్చు, దీన్ని వినిపించలేం. అసలుది ఎప్పుడో కలిసిపోయింది. మజ్జిగలోంచి పాలు తియ్యమంటే ఎలా తీస్తామండి? రెండు నెలలు ఆగితే గీత దానంతటదే మీవైపు వచ్చేస్తుంది. గొయ్యి దాటేస్తుంది."

"రెండు నెలలు జనం గొయ్యి మీద నడవాలా?"

అంతకుముందు నేను ఇంత గట్టిగా ఎవరితోనూ అనలేదు. చెవులు వేడెక్కాయి.

"పూర్తిగా తీసెయ్యాలండి" అన్నారాయన. "తీసేసి మీరు కొత్తగా నడవాలి. కానీ అది నా చేతుల్లో లేదు."

మంగళవారం. ఆటు.

పోయినవారి నడక ఇంటివాళ్ళది. చెరపాలన్నా, ఆపాలన్నా వాళ్ళ వేలిముద్ర కావాలి. అలివేలు మేడం ఈ మాట రెండుసార్లు చెప్పారు. మావుళ్ళమ్మ గారు పడ్డాక ఆవిడ గొంతు మారింది. గొయ్యి తలుపులకి తాళాలు వేయించారు. మధ్యాహ్నం పడవలు వరసగా వచ్చేసరికి గంపలవాళ్ళు తాళాలు తీయించుకుని మళ్ళీ తాడు కట్టేశారు.

"ఆయన్ని నేనడగలేనమ్మా" అన్నారు మేడం. "నువ్వడుగు. నిన్ను ఇంటి పిల్లలా చూస్తాడు."

ఇన్ని నెలల్లో మొదటిసారి ఎడమవైపు నడిచాను. నా కర్ర బల్లకి తగలకముందే ఆయన పోల్చారు.

"వచ్చావా. కూర్చో." స్టూలు నేలమీద జరిగింది. "పొద్దున అల్లం దంచి టీ పెట్టాను. ఇంకా వేడిగానే ఉంటుంది."

ఫ్లాస్కు మూత చేతిలో పెట్టారు. చెప్పవలసింది ఇంటి దగ్గర కాగితం మీద రాసుకున్నాను, వచ్చేదారంతా మననం చేసుకున్నాను. అది రాసుకున్నట్టే చెప్పాను. గీత గొయ్యి మీదికి వచ్చిందని, మావుళ్ళమ్మ గారు పడ్డారని, నడక పూర్తిగా తీసెయ్యాలని. ఎందుకు వచ్చిందో మాత్రం చెప్పలేదు. కాగితంలోనూ అది లేదు.

"చెరిపెయ్యమంటావ్" అన్నారు.

"అవునండి."

"ఒకసారి మట్టేశానమ్మా. ఈ చేత్తోనే. అది చాల్లేదంటావా?"

"మావుళ్ళమ్మ గారి చెయ్యి విరిగిందండి."

"విన్నాను. రేపట్నుంచి స్తంభం దగ్గర నిలబడి ఎవర్నీ తాకొద్దని నేనే చెప్తాను. నేనొక్కణ్ణే తాకుతాను. నాకు తప్ప ఎవరికీ ఇబ్బంది లేదు కదా?"

"మీరు పడితే?"

ఆయన బల్లమీద పార్సిల్ ఒకటి అటుతిప్పి ఇటుతిప్పి పెట్టారు.

"నా బల్ల దగ్గర ఆగకపోతే మాత్రం ఏం? ఆవిడెక్కడికి పోతోందో చూస్తాను. నాకు ఇక్కడేముందని? టీ తాగమ్మా, చల్లారిపోతుంది."

తాగాను. ఇంటికి వచ్చి పుస్తకం ఒకటి ఒళ్ళో పెట్టుకున్నాను. ఒకే వరుస మీద వేళ్ళు అటూ ఇటూ తిరిగాయి. చుక్కలు తగులుతున్నాయి, అక్షరాలు కావడం లేదు.

బుధవారం. పెద్ద ఆటు.

పొద్దున స్టేషన్‌కి చేరేసరికి గంపలవాళ్ళ మాటలు చాలా లోతునుంచి వినిపిస్తున్నాయి. బావిలోంచి మాట్లాడినట్టు. గొయ్యి తలుపు వెతికాను. తెరిచి తాడుతో కట్టి ఉంది. ముడి తడిసి బిగిసింది, నా వేళ్ళకి రాలేదు.

అప్పుడే బిళ్ళలో అక్క బయలుదేరింది.

ఇంత పెందరాళే స్తంభం తాకేవాళ్ళు వేరే ఎవరూ లేరు. బావగారూ అని పిలిచాను. నా గొంతు నాకే వినిపించలేదు. అరవడం నాకు ఎన్నడూ చేతకాదు. తెరిచిన తలుపులో, గొయ్యికి వీపు పెట్టి, రెండువైపులా కంచె పట్టుకుని నిలబడ్డాను. నా మడమల కింద ఇనుప చట్రం, దాని వెనక ఏమీ లేదు. కిందినుంచి చల్లటి ఉప్పుగాలి లంగాలోకి కొడుతోంది.

అడుగులు వచ్చాయి. ఎడమది బరువుగా, కుడిది ఈడ్చినట్టుగా. ఎదురుగా నడిచి వచ్చే మనిషికి దారి ఇవ్వాలని ఒళ్ళంతా అనిపించింది. ఇవ్వలేదు. ఆవిడ నా మొహం దాకా వచ్చింది, నాలోంచి పోయింది, నా వీపు వెనక గాల్లో నడవడం మొదలుపెట్టింది. ఏ మాత్రం జంకకుండా.

ఆవిడ వెనక చెప్పుల చప్పుడు. అది బిళ్ళలోది కాదు. కర్ర చప్పుడు లేదు. కర్ర తెచ్చుకోలేదు ఆయన.

ఆయన ఛాతీ నా భుజానికి తగిలింది.

"ఎవరు?"

"తెరేజనండి."

"జరుగమ్మా."

"జరగను."

"మీ అక్క వెళ్ళిపోతోంది. అందుకోవాలి."

"అక్క పోయింది బావగారూ" అన్నాను. "పోయినేడు పోయింది. నాకు చాలా బాధగా ఉంది. ఈ మాట మీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు."

ఆయన కదల్లేదు. ఊపిరి దగ్గరగా వినిపిస్తోంది.

"ఇప్పుడు మీ ముందు పోయింది అక్క కాదండి. అందులో సగం నేను. వారానికి కొంచెం చొప్పున నన్ను కలుపుతూ వచ్చారు. మీకా సంగతి ఎవరూ చెప్పలేదు. అక్క ఏనాడూ మీ బల్లకి దూరం జరగలేదు. జరిగింది నేను. మీ ఎదురుగా రాలేక కుళాయిల వైపు నడిచాను. నేనటు లాగాను, ఆవిడిటు లాగింది. మధ్యలో ఈ గొయ్యి ఉంది."

కింద ఎవరో బీడీ అడిగారు. ఎవరో లేదన్నారు. నీళ్ళు గుంజని తట్టి వెనక్కి పోయాయి.

"ఎడమకాలు తేలికపడింది" అన్నారాయన. "గమనించాను. అక్కడికి పోయాక కాలినొప్పి తగ్గిందేమో అనుకున్నాను. సంతోషించాను కూడా."

నేను కంచె వదల్లేదు.

"ఏం మాట్లాడాలో తెలియకపోతే ఏమీ మాట్లాడకుండా వచ్చి కూర్చోవచ్చు కదమ్మా. నేను మాత్రం ఏం మాట్లాడతాను?"

"ఏవండోయ్ పైన" అని లోతునుంచి కేక వచ్చింది. "తలుపులో నిలబడ్డదెవరు? లిఫ్ట్ వస్తాంది, జరగండి."

దేవసహాయం గారు నా మోచెయ్యి పట్టుకుని ఇవతలికి లాగారు.

శనివారం. పోటు.

గురువారం ఆయన వేలిముద్ర వేశారు. ఒక్కసారి వింటారా అని వహీదు గారు అడిగితే వద్దన్నారట. శుక్రవారం స్తంభాలు మూగగా ఉన్నాయి. ప్రయాణికుల్ని మేం చేతులు పట్టుకుని నడిపించాం. నా బిళ్ళలో పొద్దుటి నుంచి ఏమీ లేదు. మధ్యాహ్నం ఒకసారి గొయ్యి వైపునుంచి చెక్క చప్పుడు విన్నట్టయింది. బిళ్ళ తీసి గుప్పిట్లో పట్టుకున్నాను. తర్వాత కూడా రెండడుగులు వినిపించాయి. ఈ సంగతి నడకల గదికి రాయలేదు.

సాయంత్రం జనాన్ని బయటే ఆపి కొత్తగా నడిచాను. ఎడమవైపు, బల్ల పక్కనుంచి. ఆయన బల్ల దగ్గరే ఉన్నారు. నడక పడుతున్నప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఆయన మాట్లాడలేదు. నేనూ ఆగలేదు. బల్ల మీద కొట్టడం నాది కాదు, కొట్టలేదు.

ఈ ఉదయం స్తంభాల్లో నా నడక పెట్టారు. నేను అలివేలు మేడం గదికి వెళ్ళి ఒక కాగితం ఇచ్చాను. చూపున్నవాళ్ళు చదివే అక్షరాల్లో టైపు చేయించాను. నేను పోయిన రోజున నా నడక తీసెయ్యాలి, ఎవరడిగినా దేనిలోనూ కలపకూడదు. కలిపితే, కలిపారని ప్రయాణికులకి చెప్పాలి.

"ఏంటమ్మా ఇది, ఈ వయసులో" అన్నారు మేడం. కాగితం మడవడం వినిపించింది. మళ్ళీ విప్పడం వినిపించింది. "ఇలాంటిది ఎవరూ ఇవ్వలేదు. ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు నాకు."

"ఎక్కడైనా పర్లేదండి. పోకుండా ఉంటే చాలు" అన్నాను.

గది బయట స్తంభం దగ్గర మావుళ్ళమ్మ గారు, కట్టుతోనే. "ఎవరే ఈ పిల్ల, ఇల్లు తగలబడినట్టు నడుస్తోంది" అని ఎవరినో అడుగుతోంది. అది నేనేనని చెప్పాను. "నువ్వా? నోట్లో మాట రాదు గానీ కాళ్ళు మాత్రం ఇంతేసి" అంది. ఈసారి కర్ర చేత్తో పట్టుకునే ఉంది.

దేవసహాయం గారు ఇవాళ ఊళ్ళోకి వెళ్ళాలి. అక్క పోయాక ఆయన బండి ఎక్కలేదట. గుమ్మం దగ్గర స్తంభం తాకారు. నా బిళ్ళలో నా అడుగులు మొదలయ్యాయి, ఆయనతోపాటు నేనూ బయలుదేరాను. నా వెనక నేను నడవడం అదే మొదటిసారి. ఎవరి పిల్లో అన్నట్టుంది.

బల్ల దాకా వచ్చి ఆయన ఆగిపోయారు.

"అందడం లేదమ్మా. నువ్వు తొందరగా నడుస్తావు. మావి పాతకాళ్ళు."

"రేపు మళ్ళీ నడుస్తానండి, మెల్లగా. అది పెట్టిస్తాను."

"రేపు సరే. ఇప్పుడు బండొస్తోంది. ఏం చెయ్యమంటావ్?"

మోచెయ్యి ఇచ్చాను. పట్టుకున్నారు. గొయ్యిని దూరంగా ఉంచి, ఎడమవైపునే, ఆయన అడుగుకి నా అడుగు తగ్గించుకుంటూ నడిచాం. మాట్లాడుకోలేదు. ముందు పోతున్న నా అడుగులు మాకోసం ఆగలేదు. చప్పుడు లేని బండి వచ్చి నిలిచిన గాలి మొహానికి తగిలేసరికే అవి అంచు దాకా వెళ్ళి, మేం లేకుండానే ఎక్కేశాయి.